తిరుపాల్ చేసిన సంతకం

శైలజ బట్టలు సర్దుకోవడం ఆపలేదు. మూడేళ్ల కూతురు వైష్ణవి గౌన్లు, తన చీరలు, ఆసుపత్రి చీటీలు అన్నీ ఒకే బ్యాగులో కుక్కుతోంది. ఐదో నెల కడుపుతో వంగలేక బ్యాగును మంచం మీద పెట్టుకుంది.

గడప దగ్గర నిలబడిన అత్త హనుమక్క అదే మాట నాలుగోసారి అడిగింది.

"మళ్లా ఎప్పుడొస్తావు?"

శైలజ తలెత్తలేదు. "మా అమ్మ రమ్మనింది అత్తా. పెనుకొండలో అందరూ అదే మాట్లాడుకుంటాండారంట. నేను ఏమని చెప్పల్ల వాళ్లకి?"

పెనుకొండలో మొన్న జరిగిన సంగతి హిందూపురం చేరడానికి ఒక్కరోజు కూడా పట్టలేదు. శైలజ పుట్టింటి వీధిలోనే పెళ్లి. మూడు వందల మందికి వంట. వంట మేస్త్రీ దేవప్ప స్వయానా ఆమె మామగారు. పొద్దున పది గంటలప్పుడు, పాయసం గుండిగ ముందు నిలబడి గరిటె తిప్పుతున్న దేవప్ప పంచె వెనకవైపు ఎర్రగా తడిసిపోయింది. ఆ సంగతి ఆయనకే తెలియలేదు. ముందుగా చూసినది తమలపాకులు తీసుకుపోవడానికి వచ్చిన ఒక ముత్తైదువ. ఆమె కేక వేయలేదు. పోయి పెళ్లి పెద్ద చెవిలో చెప్పింది. పావుగంటలో అన్నం, పప్పు, పాయసం అన్నీ ఇంటి వెనక గుంతలో కుమ్మరించారు. దేవప్ప, హనుమక్క, వాళ్లతో పాటు కూరగాయలు తరగడానికి వచ్చిన ఆడవాళ్లు చూస్తూ నిలబడ్డారు. పెళ్లివాళ్లు హోటలు నుంచి పొట్లాలు తెప్పించుకుని విస్తళ్లలో వడ్డించుకున్నారు.

ముప్పై ఏళ్లుగా హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఎన్ని పెళ్లిళ్లకు వండాడో దేవప్ప లెక్క పెట్టుకోలేదు. చేసిన వంట పారబోయడం మాత్రం అదే మొదటిసారి.

"మా అమ్మ ఇంగొకటి కూడా చెప్పింది" అంది శైలజ, ఈసారి గొంతు తగ్గించి. "బెంగుళూరులో మామకు పెట్టిన కరెంటు ఒంట్లోనే ఉండిపోతాదంట. పిల్లను పక్కలో పండుకోబెట్టుకుంటే పిల్లకూ తగుల్తాదంట. కడుపులో బిడ్డకైతే ఇంగా చెడ్డదంట."

అది నిజమో అబద్ధమో హనుమక్కకు తెలియదు. పద్నాలుగు నెలల కిందట దేవప్పకు ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అన్నారు. బెంగుళూరులో ఏడు వారాలు రోజూ ఆయన్ను ఒక పెద్ద మిషను కింద పడుకోబెట్టారు. ఇక్కడ అందరూ దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆఖరి రోజున డాక్టరు నవ్వుతూ జబ్బు లొంగింది అన్నాడు. ఒంట్లో ఏమి మిగిలిందో ఆమెకెవరూ చెప్పలేదు.

వెనక బాత్రూములో కుళాయి ధారగా పడుతోంది. దేవప్ప అందులోకి పోయి అరగంట దాటింది. లోపలి చప్పుడు బయటికి వినపడకుండా ఈ మధ్య ఆయన కుళాయి తిప్పి పెట్టుకుంటున్నాడు. బయటి మాటలు మాత్రం లోపలికి బాగానే వినపడతాయి.

తలుపు తీసుకుని వచ్చినప్పుడు ఆయన ముఖం నెత్తురు లేనట్టు పాలిపోయి ఉంది. తాతను చూసి వైష్ణవి పరుగెత్తబోయింది. శైలజ చెయ్యి పట్టుకుంది. పిల్ల విడిపించుకోవాలని చూసింది, వీలుకాక తల్లి ముఖంలోకి చూసింది.

దేవప్ప ముందుకు రాలేదు. ఉన్నచోటే గోడకు ఆనుకున్నాడు.

"నీ మీద కోపం కాదు మామా" అంది శైలజ. అంటూనే ఏడ్చేసింది.

"తెలుసు తల్లీ. ఆటో వచ్చినట్టుండాది. మెల్లిగా ఎక్కు."

ఆటో సందు మలుపు తిరిగేదాకా వైష్ణవి వెనక్కి చూస్తూనే ఉంది. దేవప్ప చెయ్యి ఊపలేదు. హనుమక్క లోపలికి పోయి, ఎవరూ తాగని టీ గిన్నెను పొయ్యి మీద నుంచి దింపింది.

*

శైలజ మొగుడు తిరుపాల్, గార్మెంట్సు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఒక పూట సెలవు పెట్టి తండ్రిని డాక్టరు రమాదేవి దగ్గరికి తీసుకుపోయాడు. హనుమక్క రావద్దన్నా వినకుండా వచ్చింది. బెంగుళూరులో వైద్యం అయిపోయాక రక్తపరీక్షలూ మందులూ అన్నీ హిందూపురంలో ఈ డాక్టరమ్మే చూస్తోంది. మలంలో రక్తం పడుతోందని మాత్రం దేవప్ప ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. మొలలు అనుకున్నాడు. కారం తగ్గించాడు. మజ్జిగ తాగాడు. పాత పంచెలు చింపి మడతలు పెట్టుకుని పనికి పోయాడు.

ఎన్నాళ్లుగా అని డాక్టరు అడిగితే దీపావళి అప్పటి నుంచి అన్నాడు. హనుమక్క ఆయన వైపు చూసింది. ఆమెకు తెలిసింది మొన్ననే.

రమాదేవి పరీక్ష చేసి, రక్తం రిపోర్టు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని నిదానంగా చెప్పింది. క్యాన్సర్ తిరిగి రాలేదు. అది లొంగే ఉంది. కానీ ఆ గ్రంథిని కాల్చిన కిరణాలు దాని వెనకనే ఉన్న పేగునూ, పైనున్న మూత్రసంచినీ కూడా కొంత కాల్చాయి. కొందరిలో ఆ పుండు వెంటనే తెలియదు, కొన్ని నెలలకో ఏడాదికో బయటపడుతుంది. ఊరికే రక్తం కారడం, ఆపుకోలేనంత తొందర, రాత్రికి ఏడెనిమిదిసార్లు లేవడం, అన్నీ దానివల్లే. ఒంట్లో రక్తం ఉండవలసిన దాంట్లో సగానికి పడిపోయింది.

"పసిబిడ్డలకు తగుల్తాదామ్మా ఆ కరెంటు?" హనుమక్క మధ్యలోనే అడిగింది.

డాక్టరు ఆశ్చర్యపోయింది. మిషను ఆపితే కిరణాలు ఆగిపోతాయనీ, ఒంట్లో ఏమీ నిలవదనీ, మనవరాలిని రోజంతా ఒళ్లో కూర్చోబెట్టుకున్నా ఏమీ కాదనీ చెప్పింది. ఆ మాట పూర్తి కాకముందే తిరుపాల్ ఫోను తీసుకుని బయటికి పోయాడు. రెండు నిమిషాలకు తిరిగి వచ్చాడు. శైలజ ఎత్తలేదన్నాడు.

"ఇది ఎప్పటికి తగ్గుతాదమ్మా?" దేవప్ప అడిగాడు. "మాఘమాసం పెండ్లిళ్లు ముందరుండాయి."

బెంగుళూరులో లోపలికి గొట్టం పంపి రక్తం కారే చోట్లను మాడ్చవచ్చు అంది రమాదేవి. ఆగవచ్చు, మళ్లీ రావచ్చు. కొందరికి రెండు మూడు సార్లు చేస్తారు. దానికీ ఆగకపోతే మలానికి పొట్ట పక్కన దారి చేసి సంచి తగిలించాల్సి వస్తుంది. గుండిగలు ఎత్తే పని, పొయ్యి ముందు పూటలకు పూటలు నిలబడే పని ఇక కుదరదు.

"మునుపటి మాదిరి?"

"మునుపటిలాగా అవుతుందని నేను చెప్పలేను, పెద్దాయనా."

ఆమె ఫైలు తిరగేస్తూ, ఓదార్పుగానే అన్నట్టు, ఇవన్నీ వైద్యానికి ముందే మీకు వివరంగా చెప్పి ఉంటారు కదా అంది. దేవప్ప అర్థం కాక చూశాడు. ఆమె ఒక కాగితం దగ్గర ఆగింది.

"ఇదిగో. తెలుగులోనే ఉంది." పైకి చదివింది. మలంలో రక్తం పడవచ్చు. మూత్రం ఆపుకోలేకపోవచ్చు. భార్యాభర్తల కలయికకు కావలసిన శక్తి తగ్గవచ్చు, పూర్తిగా పోవచ్చు. దీనికి బదులు ఆపరేషన్ చేయించుకునే వీలు కూడా ఉందని వివరించడమైనది.

"ఇది ఎవురికి చెప్పినారు?" అన్నాడు దేవప్ప.

"కింద మీ వేలిముద్ర ఉంది. పక్కన, ఇదంతా రోగికి చదివి వినిపించాను అని..." ఆమె తల ఎత్తి తిరుపాల్ వైపు చూసింది. "మీ అబ్బాయి సంతకం ఉంది."

తిరుపాల్ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

దేవప్పకు ఆ రోజు గుర్తుకొచ్చింది. పొడుగాటి వరండా, ఇంకు డబ్బా. బెడ్డు ఇచ్చేదానికి పేపరు నాయనా, ఈడ వేలు పెట్టు అన్నాడు తిరుపాల్. ఆయన పెట్టాడు. వేలికంటిన నల్ల ఇంకును పంచె కొసకు తుడుచుకున్నాడు.

రమాదేవికి అర్థమైంది. ఫైలు మూసింది. ఈ రోజే చేర్చి రక్తం ఎక్కిస్తే మంచిదంది. ఈ రోజు వద్దు, ధర్మవరంలో చెప్పుకోవలసిన మాట ఒకటి ఉందన్నాడు దేవప్ప. రేపటికి దాటనీయవద్దని ఆమె తిరుపాల్‌కు చెప్పింది, దేవప్పకు కాదు.

*

ఆసుపత్రి పక్కన మందుల షాపు ముందర ఒక సిమెంటు అరుగు ఉంది. దేవప్ప దాని మీద కూర్చున్నాడు. హనుమక్క కూర్చోలేదు.

"చదివి వినిపించినావా?" అని అడిగింది కొడుకును.

తిరుపాల్ చాలాసేపు చెప్పాడు. డాక్టర్లు తనను పక్కకు పిలిచి రెండు దారులు చెప్పారన్నాడు. ఆపరేషన్ చేస్తే మూడు నెలలు బరువు ఎత్తకూడదు. కరెంటు పెడితే పెట్టించుకున్న రోజే లేచి నడవచ్చు. ఆపరేషన్‌లోనూ తెలియకుండా మూత్రం పోవడం, తక్కినవీ ఉంటాయని కూడా చెప్పారు. "ఆ పొద్దు నువ్వు అడిగింది ఒక్కటే కదా నాయనా, ఎండాకాలం పెండ్లిళ్లకు లేస్తానా అని. నీకు కావాల్సిందే ఒప్పుకుంటాండాననుకుంటి. పేపరంతా చదివితే నువ్వు రెండూ వద్దని లేచి వచ్చేస్తావని భయమాయ."

"అంతేనా?" అన్నాడు దేవప్ప.

తిరుపాల్ ఫైలును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అంతేనా అంటాండా."

"ఆ మొగుడు పెండ్లాల మాట ఉండాదే. అది నీ ముందర ఎట్ల చదివేది నాయనా. నేను నీ కొడుకును."

ఆ మాటకు హనుమక్క ముఖం తిప్పుకుంది. షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు.

బెంగుళూరు నుంచి తిరిగి వచ్చిన నెలకు దేవప్ప తన పక్క తీసుకుపోయి వంటపాత్రలు పెట్టే రేకుల షెడ్డులో వేసుకున్నాడు. ఇంట్లో ఉక్క అన్నాడు. చలికాలం వచ్చినా లోపలికి రాలేదు. ఇద్దరూ అరవై చేరువలో ఉన్నవాళ్లే. అయినా ముప్పై ఐదేళ్లలో హనుమక్క ఒంటరిగా పడుకున్నది కాన్పులప్పుడు మాత్రమే. అడగాలంటే నోరు రాలేదు. ఆయన అక్కడ పక్క వేసిన కొత్తల్లోనే ఒక రోజు షెడ్డు ఊడుస్తుంటే బియ్యం సంచి వెనక పొట్లాలు దొరికాయి. రొళ్ల ఊరి దగ్గర ఒక నాటువైద్యుడు ఇచ్చేవి. మగతనానికి అని ఊళ్లో అందరికీ తెలిసినవే.

తన దగ్గరికి రాని మనిషికి ఆ పొట్లాలు ఎందుకు? హనుమక్కకు తోచిన జవాబు ఒక్కటే. కూరగాయలు తరగడానికి వచ్చే ధనలక్ష్మి. మొగుడు పోయిన మనిషి, నవ్వుతూ మాట్లాడే మనిషి. ఉగాది ముందు నాడు చిక్కుడుకాయలు సరిగ్గా తరగలేదని వంక పెట్టుకుని, నలుగురి ముందర ఆమెను అనరాని మాటలని పంపించేసింది. ధనలక్ష్మి కత్తిపీట కడిగి పెట్టి పోయింది.

"ఆ పొట్లాలు నేను చూసినట్టు నీకు తెలుసునా?" ఇప్పుడు అడిగింది మొగుడిని.

"తెలుసు."

"తెలిసీ చెప్పలేదే."

"ఏమని చెప్పేది. నాకే తెలీకపాయ. వయసైపాయ అనుకుంటి. ఏమి పాపం చేసినానో అనుకుంటి."

"నేనేమనుకుంటినో అది కూడా తెలుసునా?"

దేవప్ప తల ఆడించాడు. తెలుసనే. ఆడది అనుమానపడితే పడనీ, అసలు సంగతి తెలియడం కన్నా అదే మేలని ఆయన ఊరుకున్నాడు. ఆ మాట ఆయన పైకి అనలేదు. హనుమక్కకు అర్థమైపోయింది.

ఆమె కొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నాయనకు చెప్పేకి నోరు రాకపోతే నాకన్నా చెప్పింటే సరిపోతాండె గదరా. నీ పెండ్లాముతో చెప్పించింటే సరిపోతాండె. ఒక మనిషిని ఉత్తపుణ్యానికి ఊరంతా వినేటట్టు తిడితి. నా మొగుణ్ని ఏడాదిగా దొంగను చూసినట్టు చూస్తి. ఆ సంతకం పెట్టేకి నీకు ఎంతసేపు పట్టింది?"

తిరుపాల్ ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది ఆమెకు. తప్పయింది అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా ఆ మాట నేలను చూస్తూ అన్నాడు.

దేవప్ప అరుగు మీద నుంచి లేచాడు. లేచేటప్పుడు కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. తిరుపాల్ పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ధర్మవరం పోవల్ల. రైలుకు టైమవుతాంది."

*

ధర్మవరంలో పట్టుచీరల షాపు గోవిందరాజులు ఇంట్లో మర్నాడే పెళ్లి. మూడు నెలల ముందే దేవప్పకు తాంబూలం ఇచ్చి వంట ఒప్పగించాడు. పెనుకొండ సంగతి ఆయనకు తెలిసే ఉంటుందని దేవప్పకు తెలుసు. ఫోనులో వద్దనిపించుకోవడం కన్నా తానే పోయి, నా చేత కాదు అని చెప్పి రావడం మర్యాద అనుకున్నాడు. ఆయన వెంట హనుమక్క వచ్చింది.

బస్సు ఎక్కలేదు. బస్సులో బాత్రూము ఉండదు. రైలులో పెనుకొండ రాకముందే దేవప్ప రెండుసార్లు లేచిపోయాడు, దాటాక మరోసారి. తిరిగి వచ్చిన ప్రతిసారీ హనుమక్క జరిగి చోటిచ్చింది. ఇప్పుడు ఇద్దరికీ అన్నీ తెలుసు. తెలిశాక ఏమి మాట్లాడుకోవాలో మాత్రం తెలియలేదు.

గోవిందరాజులు ఇంటి ముందర షామియానా వేస్తున్నారు. ఆయన ఎదురొచ్చి, అన్నా అన్నా అంటూ కుర్చీలు వేయించాడు. కాఫీ వచ్చింది. హనుమక్కకు స్టీలు గ్లాసులో, దేవప్పకు పేపరు కప్పులో. తెచ్చిన అమ్మాయి ఏ చేతిలోది ఎవరికో తడబడకుండా ఇచ్చింది. హనుమక్క తన గ్లాసును కింద పెట్టేసింది. దేవప్ప కప్పులో కాఫీ మొత్తం తాగాడు.

తాను చెప్పదలుచుకున్న మాట చెప్పే అవకాశం ఆయనకు రాలేదు. గోవిందరాజులే మొదలుపెట్టాడు. తనకేమీ పట్టింపు లేదన్నాడు. పెళ్లికొడుకు వాళ్లకు ఎవరో చెప్పారనీ, వాళ్లు బెట్టు చేశారనీ, అనంతపురం నుంచి వేరే మేస్త్రీని పిలిపించాననీ అన్నాడు. ఒంటి సంగతి చూసుకో అన్నా, వంటలు ఎప్పుడూ ఉంటాయి అన్నాడు. చెడ్డవాడు కాదు. మాట్లాడుతున్నంతసేపూ చేతులు నలుపుకుంటూనే ఉన్నాడు.

"అయితే ఒక మాట అన్నా. ఓళిగలు మాత్రం అక్క చేతివే కావల్ల అంటాంది మా ఆడపిల్ల. అక్కను పంపించు. నువ్వు ఇంటికాడ రెస్టు తీసుకో."

దేవప్ప మెల్లిగా నవ్వాడు. ముప్పై ఏళ్లలో తాను లేని పొయ్యి దగ్గరికి హనుమక్క పోలేదు. ఆ మాట చెప్పబోయాడు.

"చేస్తా" అంది హనుమక్క.

ఆమె ఆయన వైపు చూడలేదు. ఎన్ని చేయాలో, శనగపప్పు తెచ్చారో లేదో, బెల్లం ఏ ఊరిదో అడిగింది. ఈ సాయంత్రమే బొబ్బట్లకు పూర్ణం మొదలుపెడితే గాని కుదరదంది. గోవిందరాజులు ముఖం తేలికపడింది. లోపలికి పోయి ఆడవాళ్లకు చెప్పాడు.

గేటు దాకా హనుమక్క మొగుడి వెంట వచ్చింది.

"నన్ను అడక్కుండానే ఒప్పుకుంటివే" అన్నాడు దేవప్ప.

"ఇంట్లో ఎవురో ఒకరు నిలబడల్ల గదా." చీర కొంగు నడుముకు దోపుకుంది. "రేపు బెంగుళూరికి పో. తిరుపాల్ తీసుకపోతాడు. ఎల్లుండికి నేను ఆడికే వస్తా."

"పోను."

"పోకుంటే?"

"కాల్చినదాన్నే మళ్లా కాలుస్తారంట. దానికీ ఒక పేపరు ఉంటాది. ఇంగ నేను దేనికీ వేలు పెట్టను మే. నన్ను ఇట్లే వదిలేయండి."

"ఎట్ల వదిలేసేది? నీ పంచెలు నువ్వే చాటుగా ఉతుక్కుంటా షెడ్డులో చస్తాంటే నేను ఇంట్లో అన్నం తింటా కూర్చోవల్లనా?" ఆమె గేటు గుంజ పట్టుకుంది. "పొయ్యేదుంటే ఆసుపత్రికి పో. లేకుంటే ఇంటికి కూడా పోవాకు."

అని ఉండకూడదని అన్న క్షణంలోనే తెలిసింది ఆమెకు. మాట సవరించుకోవడానికి నోరు తెరిచింది. లోపల నుంచి ఎవరో, అక్కా, పప్పు ఎంత పోయాల అని పిలిచారు. ఆమె ఒక అడుగు ఇటు వేసి, మళ్లీ అటు వేసి, లోపలికి పోయింది.

దేవప్ప గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. షామియానా గుంజలు పాతేవాళ్లు జరగమన్నారు. జరిగి, రోడ్డు మీదికి వచ్చి, స్టేషను వైపు నడిచాడు.

*

సాయంత్రం బెంగుళూరు పోయే రైలులో వెనక జనరల్ బోగీలో సీటు దొరికింది. హిందూపురంలో దిగాలి. పెనుకొండ కొండ కనపడుతుండగా తిరుపాల్ ఫోను చేశాడు.

వాడి గొంతులో తొందర ఉంది. శైలజతో మాట్లాడానన్నాడు. డాక్టరమ్మ చెప్పింది చెప్పానన్నాడు. శైలజ నమ్మింది, వాళ్లమ్మే ఇంకా నమ్మడం లేదు, రెండు రోజుల్లో వస్తారులే అన్నాడు. ఫ్యాక్టరీలో ఇద్దరు రక్తం ఇస్తామన్నారు, ఈ సాయంత్రమే ఎక్కిస్తారు, తాను ప్లాట్‌ఫారం మీద ఉంటానన్నాడు.

"నాయనా, రేపు బెంగుళూరులో ఏ పేపరు ఇచ్చినా ముందర నీకు చదువుతా. ఒక్క మాట కూడా ఇడిసిపెట్టను. నువ్వు వద్దంటే వద్దు."

దేవప్ప ఏదో అనబోయాడు. ఏ బోగీలో ఉన్నావని వాడు అడుగుతుండగా సిగ్నల్ పోయింది.

పెనుకొండ దాటిన కాసేపటికి కడుపులో మెలిపెట్టినట్టయింది. ఆయన లేచి, మనుషుల కాళ్లు దాటుకుంటూ, బోగీ చివరికి పోయి బాత్రూము తలుపు వేసుకున్నాడు.

ఇన్ని నెలల్లో ఎన్నడూ అంత పోలేదు. ఆగుతుందని చూశాడు. ఆగలేదు. గోడకున్న ఇనుప కడ్డీ పట్టుకుని లేవబోతే చెవుల్లో హోరుమంది. కాళ్లు తేలిపోయాయి. జారి, గోడకు వీపు ఆనించి నేల మీద కూలబడ్డాడు. పంచె, నేల, చేతులు అన్నీ ఒకటే రంగు.

రైలు వేగం తగ్గింది. కిటికీ రెక్కల సందులో లైట్లు ఒకటొకటిగా వచ్చి ఆగాయి. హిందూపురం. టీ, టీ అని ఎవరో అరుస్తున్నారు. దిగేవాళ్ల, ఎక్కేవాళ్ల తొక్కిసలాట.

"నాయనా."

ముందర పెట్టెల వైపు నుంచి వినపడింది. వాడి గొంతే. ఒక్కో బోగీ దగ్గరా ఆగి లోపలికి పిలుస్తూ వస్తున్నాడు. జేబులో ఫోను మోగింది. దేవప్ప తీశాడు. తెర మీద తిరుపాల్ ఫోటో, వాడి భుజాల మీద వైష్ణవి. నొక్కితే చాలు. నొక్కకపోయినా, తలుపు మీద గట్టిగా కొడితే చాలు.

కొడితే ఎవరో తలుపు విరగ్గొడతారు. ముందు లోపలికి వచ్చేది వాడే. ఈ నేల చూస్తాడు. తండ్రిని ఇట్లా చూస్తాడు. రెండు చేతుల కింద పెట్టి లేపుతాడు, నలుగురూ నిలబడి చూస్తారు.

దేవప్ప ఫోనును ఛాతీకి ఆనించుకున్నాడు. అది మోగి మోగి ఆగిపోయింది.

"నాయనా, ఏ పెట్టెలో ఉండావు?"

ఇప్పుడు గొంతు కిటికీ కిందనే. పరుగెత్తుతున్నాడు. దేవప్ప కళ్లు మూసుకున్నాడు. ఆ గొంతు ముందుకు పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది.

రైలు కదిలింది.

కదిలాక గానీ ఆయనకు భయం వేయలేదు. లైట్లు వెనక్కి జరుగుతుంటే, తిరుపాలూ అని పిలిచాడు. పిలిచాననుకున్నాడు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. ఫోను కోసం చూశాడు. అది చేతిలోంచి ఎప్పుడు జారిందో, తలుపు దగ్గర పడి ఉంది. చేతికి అందే దూరమే. చెయ్యి మాత్రం లేవడం లేదు.

బయట ఎవరో తలుపు తట్టారు. లోపల ఎవరు, తొందరగా రావాలి అని కన్నడంలో అడిగారు. జవాబు కోసం కాసేపు ఆగారు. తర్వాత విసుక్కుంటూ అవతలి బాత్రూము వైపు పోయిన చెప్పుల చప్పుడు వినపడింది.